దావాకు గడువెంత, కేసుకు గడువెంత? బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో పొలం, ఇక్కడ ఫ్లాటు, స్నేహితుడికిచ్చిన చేబదులు, బంధువు రాసిచ్చిన చెక్కు. బెంగళూరులో స్థిరపడిన తెలుగువారి తగాదాలు చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతాయి. లాయరు దగ్గరికి వచ్చేవారి చేతిలో కాగితాలు బాగానే ఉంటాయి, తేదీలే దాటిపోయి ఉంటాయి. కాలపరిమితి చట్టం 1963 నాటిది, దేశమంతటికీ ఒకటే. కాబట్టి కింది సివిల్ లెక్కలు సిటీ సివిల్ కోర్టులో దావా వేసినా, కదిరిలో వేసినా మారవు. మారేచోట విడిగా చెప్పాం.

గడువు దాటిందని అవతలివాళ్లు గమనించకపోతే దావా నడుస్తుందా?

నడవదు. ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా గడువు దాటిన దావాను కోర్టే కొట్టేయాలని 3వ సెక్షన్ చెబుతోంది. జడ్జిగారి దయాదాక్షిణ్యాలకు ఇక్కడ చోటు లేదు.

అయితే కాలదోషం పట్టిన (గడువు దాటిన) అప్పు, అప్పు కాకుండా పోదు. కోర్టు ద్వారా వసూలు చేసుకునే దారి మాత్రమే మూసుకుపోతుంది. బాకీదారు మనసు మారి తానే తీరిస్తే మీరు తీసుకోవచ్చు, గడువు దాటాక కట్టానంటూ వెనక్కి అడిగే హక్కు ఆయనకు లేదు. స్థలాల సంగతి వేరు. స్వాధీనం కోసం దావా వేసే గడువు దాటితే 27వ సెక్షన్ ప్రకారం అసలు హక్కే పోతుంది. అందుకే పొలం విషయంలో అశ్రద్ధ ఎక్కువ ఖరీదు.

చేబదులుకు, ప్రోనోటుకు గడువు ఎంత?

మూడేళ్లు. ఎప్పటి నుంచి అన్నదే తిరకాసు. "మీరు అడిగినప్పుడు చెల్లిస్తాను" అని రాసే మామూలు ప్రోనోటుకు మీరు అడిగిన రోజు నుంచి కాదు, నోటు తేదీ నుంచే లెక్క. నోటు లేకుండా ఇచ్చిన చేబదులుకు డబ్బు ఇచ్చిన రోజు నుంచి. ఫలానా తేదీకి తీరుస్తానని రాసి ఉంటే ఆ తేదీ నుంచి. "నేను నిన్ననేగా గట్టిగా అడిగింది, ఇంకా మూడేళ్లు ఉంది" అనే లెక్క వల్లే ఎక్కువ నోట్లు పాడవుతున్నాయి.

మొదటి రోజును వదిలేసి లెక్కపెట్టాలి. నోటు తేదీ 10-06-2023 అయితే దావా వేయడానికి ఆఖరి రోజు 10-06-2026.

పాత వ్యవహారాలకు ఇంకొక లెక్క ఉంది. కోవిడ్ కారణంగా 15-03-2020 నుంచి 28-02-2022 వరకు ఉన్న కాలాన్ని గడువులోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండు చివరి తేదీలూ కలిపితే అది 716 రోజులు. పన్నెండేళ్ల గడువుండే స్థలం దావాల్లో, డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చిన తీర్పు) అమలులో ఇది ఇప్పటికీ పనికొస్తుంది.

నోటు వెనక చెల్లు (కొంత కట్టినట్టు రాత) రాయించుకుంటే గడువు పెరుగుతుందంటారు. ఎలా రాయాలి?

పెరుగుతుంది, సరిగ్గా రాస్తేనే. 19వ సెక్షన్ కోరేవి మూడు: అసలులోగానీ వడ్డీలోగానీ కొంత కట్టాలి, అది పాత గడువు తీరకముందే జరగాలి, కట్టినట్టు అప్పు తీసుకున్నవారి చేతిరాతో సంతకమో ఉండాలి. నోటు వెనక ఇలా రాయిస్తే చాలు:

"ఈ నోటు బాపతు వడ్డీ కింద రూ. 5,000 (అక్షరాలా ఐదు వేల రూపాయలు) ది. 12-03-2025న చెల్లించాను." కింద ఆయన సంతకం.

దీంతో పై ఉదాహరణలోని గడువు 10-06-2026 నుంచి 12-03-2028కి జరుగుతుంది. కట్టింది ఐదు వేలే అయినా మొత్తం బాకీకి కొత్త మూడేళ్లు మొదలవుతాయి.

చెడిపోయేది ఎక్కడంటే, నోటు మీ బీరువాలోనే ఉంటుంది కాబట్టి చెల్లు కూడా మీరే రాసేసుకుంటారు. మీ చేతిరాతతో, ఆయన సంతకం లేకుండా ఉన్న చెల్లు గడువుకు పనికిరాదు. ఆయన భార్యో తమ్ముడో సంతకం పెట్టినా, వారికి ఆ అధికారం ఉందని మీరు రుజువు చేయాల్సి వస్తుంది. ఇద్దరు కలిసి నోటు రాసిచ్చి ఒక్కరే చెల్లు రాస్తే, ఆ ఒక్క కారణంతో రెండోవారి గడువు పెరగదు. తేదీ మూడేళ్లు దాటాక వేసిన చెల్లుకు ప్రాణం లేదు. తేదీని వెనక్కి వేయించే తెలివి మాత్రం వద్దు. ఇంకు వయసు తేలకపోయినా క్రాస్ ఎగ్జామినేషన్‌లో మనిషి తేలిపోతాడు.

డబ్బు కట్టకపోయినా, "మీకు ఫలానా నోటు కింద బాకీ ఉన్న మాట నిజం" అని తేదీ వేసి సంతకం పెట్టినా చాలు. అది 18వ సెక్షన్ కింద ఒప్పుకోలు. ఇదీ గడువు లోపలే జరగాలి. అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి పాత నోటు రద్దుచేసి కొత్తది రాయించుకోవడం. రెవెన్యూ స్టాంపు మరవొద్దు. స్టాంపు లేని ప్రోనోటును జరిమానా కట్టి కూడా సాక్ష్యంగా పెట్టలేరు.

వాట్సాప్‌లో "వచ్చే నెల ఇస్తా అన్నా" అని రాశాడు. యూపీఐలో పదివేలు పంపాడు కూడా. సరిపోతుందా?

దాని మీద ఆధారపడి నిద్రపోకండి. చట్టం అడిగేది సంతకం. ఈమెయిలు ద్వారా ఇచ్చిన ఒప్పుకోలు చెల్లుతుందని కర్ణాటక హైకోర్టు 2013లో ఒక కంపెనీ కేసులో అంగీకరించింది. కాబట్టి బాకీ మొత్తం, అప్పు తేదీ స్పష్టంగా రాసిన ఈమెయిలుకు ఆయన దగ్గర నుంచి జవాబు తెప్పించుకోవడం మేలు. యూపీఐ ఎంట్రీలో ఆయన రాతా లేదు, సంతకమూ లేదు, ఎందుకు పంపాడో కూడా ఉండదు. "హోటల్ బిల్లు పంచుకున్నాం" అంటే మీరేం చేస్తారు? ఆ పదివేలు చెక్కుగా తీసుకుని ఉంటే దాని మీద ఆయన సంతకం ఉండేది.

గడువు ఇప్పటికే దాటిపోయింది. ఏ దారీ లేదా?

ఒకటుంది. కాంట్రాక్టు చట్టం 25(3) కింద, కాలదోషం పట్టిన బాకీని తీరుస్తానని ఆయన రాసి సంతకం పెడితే అది కొత్త ఒప్పందం, దాని మీద దావా వేయొచ్చు. "బాకీ ఉంది" అంటే చాలదు, "చెల్లిస్తాను" అన్న మాట కాగితం మీద ఉండాలి.

లాయరు నోటీసు ఇచ్చాం. పెద్దమనుషుల్లో పెట్టాం. పోలీసులకూ చెప్పాం. గడువు ఆగినట్టేనా?

ఆగలేదు. సివిల్ గడువు వీటిలో దేనికీ ఆగదు. అవతలివాళ్లు వాయిదాల మీద వాయిదాలు అడిగేది చాలాసార్లు ఇందుకే.

నిజంగా గడువులోంచి తీసేసే కాలాలు వేరే ఉన్నాయి. ప్రభుత్వం మీద దావాకు ముందు తప్పనిసరిగా ఇచ్చే రెండు నెలల నోటీసు కాలం, కమర్షియల్ దావాకు ముందు జరపాల్సిన మధ్యవర్తిత్వ కాలం, ప్రతివాది దేశంలో లేని కాలం, అధికారం లేని కోర్టులో మంచి మనసుతోనే పోరాడుతూ గడిపిన కాలం. అమెరికా వెళ్లిపోయిన బాకీదారు గురించి బాధపడేవారు మూడో అంశాన్ని గమనించాలి. ఆయన అక్కడున్న రోజులు లెక్కలోకి రావు. కానీ వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ రుజువు చేయాల్సింది మీరే.

చెక్కు బౌన్సయింది. వరసగా ఏ రోజులోపు ఏం చేయాలి?

ఇక్కడ గడువులు రోజుల్లో ఉంటాయి, ఒక్క మెట్టు తప్పితే పై మెట్టు ఉండదు.

చెక్కు తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. వెనక్కి వచ్చినట్టు బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు రాతపూర్వక నోటీసు పంపాలి. అందులో చెక్కు మొత్తాన్నే స్పష్టంగా అడగాలి. వడ్డీ, ఖర్చులు కలిపేసి ఒకే అంకె రాయడం పెద్ద పొరపాటు. నోటీసు అందాక ఆయనకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే, మర్నాటి నుంచి ఒక నెలలో మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయాలి.

అంకెల్లో చూద్దాం. బ్యాంకు మెమో జూన్ 3న అందింది. నోటీసుకు ఆఖరి రోజు జులై 3. నోటీసు ఆయనకు జులై 10న అందింది. 15 రోజులు జులై 25తో అయిపోతాయి. జులై 26న మీకు హక్కు పుడుతుంది. ఫిర్యాదుకు ఆఖరి రోజు ఆగస్టు 26. తొందరపడి జులై 22న ఫిర్యాదు వేస్తే అదీ చెల్లదు. 15 రోజులు పూర్తికాకుండా వేసిన ఫిర్యాదును విచారణకు తీసుకోకూడదని సుప్రీంకోర్టు 2014లో తేల్చింది.

నోటీసు గడువు తప్పితే, చెక్కుకు ఇంకా మూడు నెలలు నిండకపోయి ఉంటే మళ్లీ బ్యాంకులో వేయండి. మళ్లీ బౌన్సయితే కొత్త 30 రోజులు వస్తాయి. ఫిర్యాదు గడువు తప్పితే మాత్రం తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు. నోటీసు ఆలస్యానికి ఆ వెసులుబాటు లేదు.

ఇక్కడి తెలుగువారు తడబడే ఇంకొక చోటు: ఫిర్యాదు వేయాల్సింది మీ ఖాతా ఉన్న శాఖ పరిధిలోని కోర్టులో. మీరుండేది మారతహళ్లిలో అయినా, చెక్కు వేసిన ఖాతా హిందూపురం శాఖలో ఉంటే కేసు హిందూపురంలోనే.

ఊళ్లో పొలాన్ని మా అన్న సాగు చేస్తున్నాడు. పన్నెండేళ్లు దాటితే ఆయనదైపోతుందా?

ఊరికే అయిపోదు. మీ అనుమతితో సాగు చేసేవాడి స్వాధీనం, కౌలుదారు స్వాధీనం, ఉమ్మడి ఆస్తిలో వాటాదారు స్వాధీనం మీకు వ్యతిరేకమైనవి కావు. "ఇది నాది, నీకేం లేదు" అని ఆయన బాహాటంగా అడ్డం తిరిగిన రోజు నుంచే 12 ఏళ్లు లెక్క. ఉమ్మడి ఆస్తిలోంచి మిమ్మల్ని వెలివేశారని తెలిసిన రోజు నుంచీ 12 ఏళ్లే. ఆడపిల్లల వాటా తగాదాల్లో ఆ రోజు ఏదన్న దాని చుట్టూనే వాదనంతా నడుస్తుంది. వాటా అడిగితే ఇవ్వనని పంపిన నోటీసు, పేరు తీసేసిన పాసుపుస్తకం లాంటివి చేతికొచ్చిన తేదీని రాసిపెట్టుకోండి.

తక్కువ గడువు ఉన్నవి విడిగా ఉన్నాయి. మోసంతో రాయించుకున్న దస్తావేజు రద్దుకు, విషయం తెలిసిన రోజు నుంచి మూడేళ్లే. హక్కు ప్రకటన దావాకూ మూడేళ్లే. మైనరుగా ఉన్నప్పుడు సంరక్షకుడు ఆస్తి అమ్మేసి ఉంటే, మేజరయ్యాక మూడేళ్లు, అంటే 21 నిండేలోపు. ఏడాదికోసారి ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించుకునే అలవాటు వీటన్నిటికీ విరుగుడు.

దావా పొలం ఉన్నచోటే వేయాలి. అందరూ బెంగళూరులోనే ఉన్నారని ఇక్కడ వేయడానికి వీల్లేదు.

ఇంటి స్థలానికి అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నాం. రిజిస్ట్రేషన్ చేయట్లేదు.

అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్‌కు తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లు. లేకపోతే, చేయనని ఆయన నిరాకరించినట్టు మీకు తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. అగ్రిమెంటులో "మూడు నెలల్లో" అని ఉంటే, ఆ మూడు నెలలు నిండిన రోజే మీ గడియారం మొదలైంది. తర్వాత ఆయన చెప్పిన కబుర్లన్నీ మీ గడువులోంచే ఖర్చవుతున్నాయి.

ఫ్లాటు అయితే, స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడి చెబితే, బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెబుతోంది. రెరా ఉత్తర్వుపై అప్పీలుకు 60 రోజులు.

అద్దె ఇంటి అడ్వాన్సు ఓనరు తిరిగివ్వలేదు.

తాళాలు అప్పగించిన రోజు నుంచి మూడేళ్లుగా లెక్కవేసుకోవడం క్షేమం. తాళాలు ఇచ్చినట్టు ఆ రోజే ఒక మెసేజ్ పెట్టండి, తేదీకి అదే సాక్ష్యం. ఓనరుకు అద్దె బకాయి రావాలన్నా మూడేళ్లే.

ఆఖరి రోజు ఆదివారమైతే? వేసవి సెలవులైతే?

కోర్టు తెరిచిన రోజున వేస్తే సరిపోతుంది. పైన చెప్పిన 12-03-2028 ఆదివారం, కాబట్టి సోమవారం 13న వేయొచ్చు. కర్ణాటక సివిల్ కోర్టులకు మే నెల సెలవుల్లో గడువు తీరినా అంతే, తెరిచిన మొదటి రోజే వేయాలి, రెండో రోజు కాదు. ఈ సౌకర్యం కోర్టులో వేసేవాటికే. చెక్కు నోటీసు పోస్టులో వేయడానికి కోర్టు సెలవులతో సంబంధం లేదు.

ఆఖరి రోజుదాకా ఆగితే కోర్టు ఫీజు లెక్క తప్పడం, వకాలత్‌లో సంతకం మరవడం లాంటివి ప్రాణం మీదికొస్తాయి. కనీసం నెల ముందు కాగితాలు లాయరు చేతిలో ఉండాలి.

ఆలస్యాన్ని కోర్టు మన్నిస్తుందా?

అప్పీళ్లకు, చాలా రకాల దరఖాస్తులకు మన్నించవచ్చు. తగిన కారణం చూపాలి, మెడికల్ సర్టిఫికెట్ ఒక్కటే పెడితే నమ్మే రోజులు కావు. అసలు దావాకు మాత్రం 5వ సెక్షన్ వర్తించదు. ఒక్కరోజు ఆలస్యమైనా అంతే సంగతులు.

అప్పీలుకు ఎన్ని రోజులు?

ఇక్కడే ఊరికీ బెంగళూరుకీ తేడా. హైకోర్టుకు వెళ్లే అప్పీలుకు 90 రోజులు, కింది కోర్టుకు వెళ్లేదానికి 30. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు తీర్పుపై అప్పీలు నేరుగా హైకోర్టుకే వెళ్తుంది కాబట్టి 90. ఊళ్లో జూనియర్ సివిల్ జడ్జి తీర్పుపై పైకోర్టుకు 30 రోజులే. ఇక్కడి అలవాటుతో అక్కడ మోసపోకండి. కమర్షియల్ కోర్టు తీర్పైతే 60. ఫ్యామిలీ కోర్టు విడాకుల తీర్పుకు ఒక చట్టంలో 30, మరో చట్టంలో 90 అని రెండు అంకెలు ఉన్నాయి. 30నే నమ్ముకోండి.

తీర్పు నకలు కోసం దరఖాస్తు చేసిన రోజు నుంచి అది సిద్ధమైన రోజు వరకు గడువులోంచి తీసేస్తారు. సిద్ధమయ్యాక మీరు వెళ్లి తెచ్చుకోకుండా గడిపిన రోజులు మీ ఖాతాలోనే. నకలు మీద ఈ తేదీల ముద్ర ఉంటుంది, ముందు దాన్ని చూడండి.

మీకు తెలియకుండా ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు హాజరు కాకుండానే ఇచ్చిన డిక్రీ) వచ్చేసి ఉంటే, రద్దుకు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోయి ఉంటే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క.

క్రిమినల్ కేసుకు కూడా గడువు ఉంటుందా?

చిన్న నేరాలకు ఉంటుంది, పెద్ద వాటికి ఉండదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 514వ సెక్షన్ ప్రకారం: జరిమానా మాత్రమే ఉన్న నేరానికి 6 నెలలు, ఏడాది వరకు జైలు ఉన్నదానికి ఏడాది, ఏడాది దాటి మూడేళ్ల వరకు ఉన్నదానికి మూడేళ్లు. మూడేళ్లకు మించి శిక్ష వేయగలిగే నేరానికి గడువే లేదు. చూడాల్సింది చట్టంలో రాసిన గరిష్ఠ శిక్ష, జడ్జి వేసే శిక్ష కాదు.

లెక్క నేరం జరిగిన రోజు నుంచి. ఎవరికీ తెలియకుండా జరిగితే బాధితుడికో పోలీసులకో తెలిసిన రోజు నుంచి. చేసిందెవరో తెలియకపోతే వాళ్లెవరో తెలిసిన రోజు నుంచి. ఎఫ్‌ఐఆర్ నమోదైన తేదీ లేదా కోర్టులో ఫిర్యాదు వేసిన తేదీ గడువులో ఉంటే చాలు, ఛార్జిషీటు తర్వాత వచ్చినా ఫరవాలేదు.

కొన్ని ఉదాహరణలు. చేత్తో కొట్టిన మామూలు దెబ్బలకు గరిష్ఠం ఏడాది జైలు, కాబట్టి గడువు ఏడాది. దొంగతనానికి మూడేళ్లు. మోసం చేసి డబ్బో ఆస్తో ఇప్పించుకుంటే ఏడేళ్ల శిక్ష, గడువు లేదు. నమ్మి అప్పగించిన సొమ్ము కాజేయడం ఆసక్తికరమైనది. పాత ఐపీసీ 406లో గరిష్ఠం మూడేళ్లు, కాబట్టి గడువు మూడేళ్లు. దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 316(2)లో శిక్ష ఐదేళ్లకు పెరిగింది, దాంతో గడువే లేకుండా పోయింది. 2024 జులై 1కి ముందు జరిగినదానికి పాత శిక్షే వర్తిస్తుంది. ఫిర్యాదులో సంఘటన తేదీ రాసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఆలస్యానికి సరైన వివరణ ఉంటే, లేదా న్యాయం కోసం అవసరమనుకుంటే, గడువు దాటినా కోర్టు కేసు తీసుకోగలదు. గడువు లేని నేరాల్లోనూ ఆలస్యం మీద అనుమానం వస్తుంది. ఎఫ్‌ఐఆర్‌లోనే ఆలస్యానికి కారణం రాయించండి.

స్టేషన్‌లో ఎన్‌సీఆర్ ఇచ్చి పంపేశారు. కేసు పెట్టినట్టేనా?

కాదు. పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయలేని చిన్న నేరాలకు ఇచ్చే కాగితం అది. దాన్ని దాచుకుని ఏడాది గడిపితే గడువు పోయే ప్రమాదం ఉంది. మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు వేయాలి. పోలీసులు దర్యాప్తు చేయదగ్గ నేరమైనా ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే డీసీపీకి పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. సంఘటన ఏ ఊళ్లో జరిగినా ఇక్కడి స్టేషన్‌లో సమాచారం ఇవ్వొచ్చు, పరిధి కాదని తిప్పి పంపకూడదు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి.

అత్తింటి వేధింపులు ఆగి నాలుగేళ్లయింది. ఇప్పుడు కేసు పెట్టొచ్చా?

భర్త, అత్తింటివారి క్రూరత్వానికి శిక్ష మూడేళ్ల వరకు, అందుకే గడువు మూడేళ్లు. చివరి సంఘటన ఎప్పుడన్నది ముఖ్యం. నాలుగేళ్లంటే ఆలస్యానికి వివరణ ఇవ్వాలి. గృహహింస చట్టం కింద రక్షణ, నివాసం కోసం వేసే దరఖాస్తుకు మాత్రం ఈ గడువు వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. భరణం ఎప్పుడైనా అడగొచ్చు. మంజూరయ్యాక రాని నెలల బకాయికి మాత్రం, అది కట్టాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలు దరఖాస్తు వేయాలి. చాలామంది ఇక్కడ నష్టపోతున్నారు.

పరువు తీశారు. ఎంత గడువు?

నష్టపరిహారం దావాకు ఏడాది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. ముందు క్రిమినల్ కేసు తేలనీ అనుకుంటే పరిహారం పోయినట్టే.

వినియోగదారుల కేసు, రోడ్డు ప్రమాదం, ఆఫీసులో వేధింపులు?

వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లు, కారణం చూపితే ఆలస్యం మన్నిస్తారు. జిల్లా కమిషన్ తీర్పుపై అప్పీలుకు 45 రోజులు. రోడ్డు ప్రమాద పరిహారానికి 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు వచ్చింది. దాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, ఆ కేసును నమ్ముకుని ఆలస్యం చేయకండి. పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదు చివరి సంఘటన నుంచి మూడు నెలల్లో అక్కడి ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వాలి. కమిటీ కారణం రాసి ఇంకో మూడు నెలలు పెంచవచ్చు. హెచ్‌ఆర్‌తో మాట్లాడటం ఫిర్యాదు కింద లెక్క కాదు.

డిక్రీ వచ్చింది, డబ్బు రాలేదు.

అమలు దరఖాస్తుకు 12 ఏళ్లు. ఫలానా పని చేసి తీరాలన్న ఇంజంక్షన్ డిక్రీకి మాత్రం మూడేళ్లే.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

ఒక తెల్లకాగితం మీద తేదీల వరస: ఎప్పుడు ఇచ్చారు, ఎప్పుడు కట్టారు, ఎప్పుడు కాదన్నారు, నోటీసు ఎప్పుడు అందింది. దాంతోపాటు నోటు రెండు వైపులా జిరాక్సు తీయించండి, చెల్లు ఉండేది వెనకవైపే. స్పీడ్ పోస్టు రసీదుతోపాటు ట్రాకింగ్ పేజీ ప్రింటు కూడా ఆ వారంలోనే తీసిపెట్టుకోండి. ఫీజు కట్టుకోలేనివారు, ఆదాయంతో పనిలేకుండా మహిళలు, ఎస్సీ, ఎస్టీలు 15100కు ఫోన్ చేసి ఉచిత న్యాయ సహాయం అడగొచ్చు. ఫోన్ చేసినప్పుడు మొదట చెప్పాల్సింది గడువు తీరే తేదీ.